బోల్టు తల మీద రెండు చుక్కలు

జపాన్ మోటారుసైకిలు మీద చెయ్యి వేసే ముందు మన దగ్గరున్న స్క్రూడ్రైవర్లన్నీ పక్కన పెట్టాలి. దాని స్క్రూ తల మీద ప్లస్ గుర్తు చూసి అందరూ మామూలు స్క్రూడ్రైవరే పెట్టి తిప్పుతారు. రెండు తిప్పుల్లో జారిపోతుంది, తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఉలి పెట్టి కొడతారు. వాళ్ల గాడి వేరు, బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ మొన వేరు. నా వాటిని నేనే రాయి మీద పెట్టి ఆ గాడికి సరిపోయేట్టు అరగదీసుకున్నాను. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా ఇవి లేవు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. సరే, కొంచెం గొప్పకి కూడా.

పని నేర్చుకున్నది మాత్రం ఇక్కడ కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో, లాడ్జీల వెనక సందులో మా ఉస్తాద్ షాపు ఉండేది. అందులో ఆయనా నేనూ ఇద్దరమే. పన్నెండేళ్లు ఆయన దగ్గర పనిచేసి, ఆ తర్వాత నూజివీడు రోడ్డులో ఈ షెడ్డు వేసుకున్నాను.

ఉస్తాద్ షాపులో రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది, ఏ బోల్టు బిగించినా దాని తల మీద మొనదేలిన ఇనప పంచ్ పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వెయ్యాలి. అక్కడ చుక్క పడుతుంది. చుక్క ఉంటే బోల్టు బిగిసినట్టు, లేకపోతే లేనట్టు. చుక్క లేని బోల్టుతో బండి షాపు గుమ్మం దాటకూడదు. ఆయన ఒక చుక్క పెట్టేవారు, నేను రెండు. ఎవరు ఏది బిగించారో మళ్లీ అడగక్కర్లేదు. రెండోది, ఆ చుక్కల లెక్క మా ఇద్దరి మధ్యే ఉండాలి. పని ఎవరు చేసినా బండి ఇచ్చేటప్పుడు అది ఉస్తాద్ చేసిన పనే. నేను రోజంతా కూర్చుని ఇంజను కడితే, గిరాకీ వచ్చి ఆయన భుజం తట్టి వెళ్లేవాడు. మెచ్చుకోళ్లన్నీ ఆయన ఖాతాలో పడుతున్నాయని ఆ వయసులో నాకు కడుపు మండిపోయేది.

కిందటేడు వేసవిలో పామర్రు నుంచి ట్రాలీ ఆటోలో ఒక బండి వచ్చింది. పైన ధాన్యం ఎండబోసే బరకం కప్పి ఉంది. వెంట వచ్చిన పెద్దాయనకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. రెండు మోకాళ్లకూ పట్టీలు. డ్రైవర్ పక్క సీట్లోంచి దిగడానికే అయిదు నిమిషాలు పట్టింది. బరకం లాగి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, మూడు వందల యాభై సీసీ, టాంకు మీద దుమ్ము కింద నేరేడు పండు రంగు. ఆ మోడల్ బండి మన వైపు ఒకే ఒక్కటి ఉండేది. అది ఉస్తాద్ షాపుకి వచ్చేది.

పెద్దాయన్ని కూడా గుర్తుపట్టాను. ఓడల్లో ఇంజనీరుగా చేసి, అక్కడెక్కడో కొన్న ఆ బండిని ఓడలోనే తెచ్చుకుని, ఉద్యోగం మానేసి పామర్రు పక్కన సొంత వ్యవసాయంలోకి దిగిన మనిషి. ఇంజనీరుగారు అనేవాళ్లం. ఆయన మాత్రం నన్ను పోల్చుకోలేదు. అప్పట్లో నాకు పొట్ట లేదు, ఇప్పుడు జుట్టు లేదు.

సైలెన్సర్ విప్పి వంచితే గుప్పెడు వడ్లు రాలాయి. ధాన్యం కొట్లో పెట్టిన బండి కదా, ఎలుకలు అందులో దాచుకున్నాయి. ఇంజనీరుగారు ఒక గింజ వేళ్ల మధ్య నలిపి చూసి, "ఈ రకం మేం వెయ్యటం మానేసి పదిహేనేళ్లయిందయ్యా" అన్నారు. తర్వాత అసలు సంగతిలోకి వచ్చారు.

"వచ్చే నెలాఖరికి మోకాళ్ల ఆపరేషను. ఆలోగా ఒక్కసారి దీని శబ్దం వినాలి. నీ పేరు చాలామంది చెప్పారు, చేస్తావని వచ్చాను. ఒక్కటే మాట. ఆ గవర్నర్‌పేట సాయిబు పేరు మాత్రం నా దగ్గర ఎత్తొద్దు."

"ఎందుకండీ?" అన్నాను.

"ఎందుకేంటి? ఈ బండిని చంపింది ఆయనేగా. ఇంజను అడుగున ఎనిమిది ఎమ్మెమ్ బోల్టు ఉండాల్సిన చోట అంగుళాల బోల్టు తెచ్చి దిగ్గొట్టాడు. ఇంజను పెంకు పగిలింది. గేరాయిలంతా కారిపోయి కరకట్ట మీద ఆగిపోయింది. ఎర్రటెండలో ఇంటిదాకా తోసుకుంటా వెళ్లాను. మర్నాడే వెళ్లి షాపు ముందు నలుగుర్లో కడిగేసి వచ్చా. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇంకోడి చేత ముట్టించనూ లేదు."

ఆయన చెప్పిన పొరపాటు మన వైపు మెకానిక్కులు తప్ప ఇంకెవరూ చేయరు. ఆ రోజుల్లో ఇక్కడ తిరిగే పెద్ద బండ్లన్నీ అంగుళాల లెక్కవి. మా చేతులు వాటికే అలవాటు. జపాన్ బండిదంతా మిల్లీమీటర్లు. అయిదు పదహారో వంతు అంగుళం బోల్టునీ ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టునీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటి వెయ్యాల్సిన చోట ఇంకోటి వేస్తే మూడు నాలుగు చుట్లు సాఫీగా ఎక్కుతుంది కూడా. అక్కడ బిగుసుకుంటుంది. తెలిసినవాడు ఆగుతాడు. తెలియనివాడు పానాకి గొట్టం తగిలించి బలం చూపిస్తాడు. ఇంజను పెంకు అల్యూమినియం, అదెంతసేపు ఓర్చుకుంటుంది?

మా ఉస్తాద్ ఆ పని చేశారంటే నాకు ఒళ్లు మండింది. జపాన్ బోల్టు మిల్లీమీటర్లలో ఉంటుందని నాకు చెప్పిందే ఆయన. ఆ బండి అడుగున ఆయన తప్ప ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదని నా గట్టి నమ్మకం. అందుకే ఆ తప్పు మా షాపుది కానే కాదు, మా దగ్గరికి రాకముందు ఈ బండి బాగుచేయించిన బందరులో ఎవరి చేతిలోనో జరిగి ఉంటుంది. ఇవన్నీ ఇంజనీరుగారికి చెప్పాను. నేను ఆ సాయిబు శిష్యుణ్నేనని కూడా చెప్పాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. బండి వెనక్కి ఎక్కించమంటారేమో అనుకున్నాను. కానీ ఎక్కడికి తీసుకెళతారు? జపాన్ స్క్రూడ్రైవర్లు నా దగ్గరే ఉన్నాయి.

"మా ఉస్తాద్ బిగిస్తే బోల్టు తల మీద ఒక చుక్క ఉంటుందండీ. ఈ రాత్రికి కిరసనాయిల్లో నానబెడతాను. రేప్పొద్దున మీ కళ్లముందే తుడుస్తాను. ఒక చుక్క కనపడిందా, ఈ షెడ్డుకి తాళం వేసి తాళంచెవి మీ చేతికిస్తాను" అన్నాను.

"లేకపోతే?"

"లేకపోతే ముప్పై ఏళ్లుగా మీరు ఒక నిరపరాధిని తిడుతున్నట్టు."

మర్నాడు పది గంటలకల్లా వచ్చేశారు. బండిని చెక్క దిమ్మల మీద ఎక్కించి ఉంచాను. గోనెసంచి పరుచుకుని దాని కిందికి వెళ్లి పడుకున్నాను. ఆయన పక్కనే కుర్చీలో కూర్చున్నారు. ఆ మోకాళ్లతో కింద కూర్చుని చూడలేరు కాబట్టి నేను చూసి చెప్పాల్సిందే. ముప్పై ఏళ్ల మడ్డి కిరసనాయిలుకి మెత్తబడింది. గుడ్డతో తుడిచాను. పదమూడో నంబరు పానా పెడితే తల పట్టలేదు. అంగుళాల బోల్టే, సందేహం లేదు. ఇంకొంచెం తుడిచాను.

తల మీద రెండు చుక్కలు, పక్కపక్కన.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. అది శుక్రవారం. అడుగున బోల్టులు మూడో నాలుగో మిగిలాయి. అవి బిగించమని నాకు చెప్పి ఉస్తాద్ జుమ్మా నమాజుకి వెళ్లారు. ఇంజనీరుగారు తొందరలో ఉన్నారు, రెండుసార్లు వాచీ చూసుకున్నారు. ఒక బోల్టు చేతిలోంచి జారి మురిక్కాలవలో పడింది. పాత బోల్టులు వేసుకునే పాలడబ్బాలోంచి అలాంటిదే ఒకటి తీశాను. మూడు చుట్లు సాఫీగా ఎక్కింది. ఆ తర్వాత గట్టిగా వస్తే, జపాన్ వాళ్ల పని బిగుతుగా ఉంటుంది కదా అని మురిసిపోయి పానాకి గొట్టం తగిలించాను. రెండు చుక్కలు పెట్టాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పసివాణ్నేమీ కాదు.

"ఎన్నయ్యా చుక్కలు?" అని పైనుంచి అడిగారు.

"ఒకటి కాదండీ" అన్నాను.

"అంటే ఆయన కాదన్నమాట."

"కాదండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలిన చప్పుడైంది. తర్వాత మెల్లిగా, "బందరులో ఎవడో కొట్టుంటాడు. అనవసరంగా ఆ పెద్దమనిషి పరువు తీశానే" అన్నారు. నేను బండి కిందే ఉండిపోయాను. ఒక్క అబద్ధం ఆడలేదు, ఉస్తాద్ పేరు మీద మచ్చ పోయింది, షెడ్డుకి తాళం పడలేదు. లెక్కన అంతా బాగానే ఉంది. అయినా నాకు సిగ్గేసింది. గడ్డం కిందికి చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

పని మొదలుపెట్టాను. పనిలో నాకు ఎప్పుడూ భయం లేదు, ఇప్పుడూ లేదు. ఆ పెంకు ప్రపంచంలో ఎక్కడా కొత్తది దొరకదని ఫోన్లో వెతికినవాళ్లంతా తేల్చేశారు. దొరక్కపోతే ఉన్నదాన్నే బతికించాలి. పగులు చివర చిన్న బెజ్జం వేశాను, ఇంక ముందుకు పాకకుండా. ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే చోట పక్కనే నిలబడి, పెంకు వంకర పోకుండా నిదానంగా అతికించుకున్నాను. పాడైన బెజ్జాన్ని పెద్దది చేసి, అందులో స్టీలు బుష్ కూర్చి, దానికి ఎనిమిది మిల్లీమీటర్ల మర కొత్తగా కోశాను. పిస్టన్ రింగులు, ఆయిల్ సీళ్లు, గేరు బేరింగులు బయటి దేశం నుంచి తెప్పించాం. కార్బ్యురేటర్లు రెండూ విప్పి దారప్పోగు దూరే బెజ్జాలన్నీ ఊది ఊది శుభ్రం చేశాను. టాంకుకి కొత్త రంగు వేద్దామని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. తళతళలాడించడం మన వైపు ఒక జబ్బు, పాతదాన్ని బాగుచెయ్యమంటే కొత్తదాన్ని చేసి పెడతారు. నేను మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేశాను. నేరేడు రంగు దానంతటదే బయటికి వచ్చింది.

అన్నీ బిగించాను, అన్నిటి మీదా చుక్కలు పెట్టాను, ఆ ఒక్క అడుగు బోల్టు మీద తప్ప. పంచ్ అక్కడి దాకా వెళ్లేది, సుత్తి లేచేది కాదు. ఇంట్లో కూడా విసుగు ఎక్కువైంది. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేస్తే, "ఉప్పు సరిగ్గానే ఉంది, ఎవరి మీద కోపమో వాళ్ల మీదే చూపించుకోండి" అంది మా ఆవిడ. ఆదివారం పాత బోల్టు జేబులో వేసుకుని విజయవాడ బస్సెక్కాను.

ఉస్తాద్ షాపు మూసేసి చాలా ఏళ్లయింది. వన్‌టౌన్‌లో కొండ వారగా ఉన్న ఇంట్లో, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎనభై వచ్చాయి, చూపు మందగించింది, చెవులు మాత్రం పాముచెవులు. సందులోంచి పోయే స్కూటర్ శబ్దం విని దాని రోగం ఏంటో చెప్పేస్తారు. టీ తాగాక ఇంజనీరుగారి బండి వచ్చిందని చెప్పాను. మీ తప్పు కాదని ఆయనకు అర్థమైందని కూడా చెప్పాను. ఉస్తాద్ సంతోషిస్తారనుకున్నాను.

"బోల్టు తెచ్చావా?" అని అడిగారు.

చేతిలో పెట్టాను. కళ్లతో చూడనేలేదు. బొటనవేలు తల మీద ఆనించి ఒకసారి అటూ ఇటూ జరిపారు.

"రెండు" అన్నారు. "ఆయన వచ్చి తిట్టిన రోజే వంగి చూశా. బండి ఆటోలో ఏసుకొచ్చాడు. నువ్వా రోజు నాట్లని ఊరెళ్లావు."

"మరి నాకు చెప్పలేదేంటి ఉస్తాద్? ఆయనకైనా చెప్పలేదేంటి?"

"ఆయనకెందుకు చెప్తారా? షాపు నాది. నువ్వు కట్టిన ఇంజన్లకి షాబాష్ అంటే తీసుకున్నానా లేదా? అప్పుడు తీసుకుని ఇప్పుడు నాది కాదంటే ఎట్లా?"

"నాకు?"

ఆయన బోల్టుని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారు. "నీ చేతికి భయం లేదు. అదొక్కటే నీ దగ్గరున్న మంచి గుణం. చెప్తే ఆ చేతికి భయం పట్టుకునేది. భయపడ్డ చెయ్యి ఏ బోల్టూ సరిగ్గా బిగించదు. అందుకని మిల్లీమీటర్ల పానాలు విడిగా, అంగుళాల పానాలు విడిగా మేకులకి తగిలించా. పాలడబ్బా పారేశా. గుర్తుందా?"

గుర్తుంది. ఊరి నుంచి వచ్చేసరికి షాపు గోడ కొత్తగా ఉంది. పానాలన్నీ రెండు వరసల్లో వేలాడుతున్నాయి. ఉస్తాద్‌కి వయసు మీదపడి చాదస్తం మొదలైందని నవ్వుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు బోల్టు వెయ్యలేదు. అదంతా నా తెలివే అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాను. మెచ్చుకోళ్లు దోచుకుంటున్నాడని నేను మనసులో తిట్టుకున్న మనిషి, నడిబజారులో నా బదులు తిట్లు తిని, ఇంటికొచ్చిన నాకు గోడంతా సర్ది పెట్టాడు. అరుగు మీదే ఏడ్చాను. ఆయన టీ గ్లాసులు పక్కకి జరిపారు.

ఆపరేషనుకి ముందే, నేను రమ్మన్న రోజుకి ఇంజనీరుగారు షెడ్డుకి వచ్చారు. మూడో కిక్కుకి బండి లేచింది. ముందు నీలం పొగ, తర్వాత ఆ శబ్దం. ఆయన టాంకు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని నిలబడ్డారు. కాసేపటికి ఆపమని సైగ చేసి, "ఆ ఉస్తాద్‌గారు ఉన్నారా? వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలయ్యా. తప్పు చెయ్యని మనిషిని అన్నాను" అన్నారు.

ఇంక దాచడానికి చోటు లేదు. "తప్పు మా షాపుదేనండీ. ఆ బోల్టు నేను వేశాను. రెండు చుక్కలు నావి. ఆ రోజు మీకు సగమే చెప్పాను" అన్నాను. శుక్రవారం సంగతి, పాలడబ్బా సంగతి, ఉస్తాద్ చెప్పిన సంగతి, వరసగా అన్నీ చెప్పాను.

ఆయన కోప్పడతారని చూశాను. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది. "ఆ రోజు నలుగుర్లో ఆయన్ని ఏమన్నానో నీకు తెలుసా?" అని అడిగారు.

"తెలియదండీ. ఆయన చెప్పలేదు."

"నేనూ చెప్పను. పద, నువ్వు నడుపు."

ఇద్దరు సాయం పట్టి ఆయన్ని వెనక కూర్చోబెట్టాక బయలుదేరాను. గన్నవరం దాటాక నాలుగో గేరులో బండి హాయిగా పాడుకుంటూ పోయింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పక్కవాళ్లు తొంగి చూసేవారు. ఇంజనీరుగారు నా భుజాల మీద చేతులు వేసి నిటారుగా కూర్చున్నారు.

మేం సందు మలుపు తిరిగేసరికే, బండి శబ్దం విని ఉస్తాద్ కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. ఇంజనీరుగారు నా భుజం పట్టుకుని మెల్లిగా దిగి, అరుగు దగ్గరికి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. నోరు తెరవబోతుంటే ఉస్తాదే ముందు అడిగారు.

"ఆ రోజు ఎండలో ఎంత దూరం తోశారండీ?"

"అయిదు మైళ్లు ఉంటది."

"అయితే తిట్టాల్సిందే. నేనైతే కొట్టేవాణ్ని" అన్నారు ఉస్తాద్. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వు ఆపేశారు. ఇంజనీరుగారు పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నారు.

నేను సంచీలోంచి పంచ్, సుత్తి తీశాను. అడుగు బోల్టు మీద ఇంకా చుక్క పెట్టలేదని, అది మీ చేత్తో పెట్టాలని ఉస్తాద్‌ని అడిగాను. ఆయన పంచ్ అందుకోలేదు.

"బిగించింది ఎవరు?"

"నేనే ఉస్తాద్."

"మరింకేం? చుక్క లేకుండా ఇక్కడిదాకా ఎట్లా తెచ్చావు? ఇన్నేళ్లు నేర్పింది ఇదేనా?"

సందులో బండి పక్కన నేల మీద పడుకుని చెయ్యి కిందికి పోనిచ్చాను. పంచ్ ఆనించి కొట్టాను, పక్కనే ఇంకోటి కొట్టాను. చెయ్యి వణకలేదు.

"ఎన్నయ్యా చుక్కలు?" అని ఇంజనీరుగారు పైనుంచి అడిగారు.

"రెండండీ" అన్నాను. "రెండూ నావే."